తెయోఫిల్ గారి పట్టణం

మా రడోవిన్‌లో మనిషి బతికుండగానే సమాధిరాయి చెక్కించుకోవడం వింతేమీ కాదు. పిల్లల మీద భారం పడకూడదని కొందరు, పిల్లలు చవకరాయి పెట్టి చేతులు దులుపుకుంటారన్న అనుమానంతో కొందరు ఆ పని ముందే కానిచ్చేస్తారు. పేరు, పుట్టిన సంవత్సరం చెక్కించి, పక్కన చిన్న గీత గీయించి, పోయే సంవత్సరానికి జాగా వదిలేస్తారు. ఆదివారం పూజ అయ్యాక వెళ్ళి ఎవరి రాయి వాళ్ళు తుడుచుకుని, ఇంటికొచ్చి వేడి వేడి సూప్ తాగుతారు. నా రాయీ అక్కడే ఉంది. నల్లది, నిగనిగలాడుతూ బాగుంటుంది.

తెయోఫిల్ గ్రబాల్స్కి రాయి మాత్రం ఊరందరికీ నవ్వులాటగా ఉండేది. తన పేరు, భార్య లెయోకాదియా పేరు చెక్కించి, వాటి పైన పెద్ద అక్షరాలతో "రడోవిన్ పట్టణ పౌరులు" అని పెట్టించాడు. చిక్కల్లా ఒకటే, రడోవిన్ పట్టణం కాదు. ఒకప్పుడు రాజుగారిచ్చిన పట్టణ హోదా ఉండేది, పెద్ద సంత ఉండేది, పురభవనం ఉండేది, జోళ్ళు కుట్టేవాళ్ళ సంఘానికి సొంత జెండా కూడా ఉండేది. మా తాతల తాతలు జార్ చక్రవర్తి మీద తిరగబడి ఓడిపోయారు. ఆయన కొందరిని సైబీరియాకి పంపాడు, మిగిలినవాళ్ళని ఒక్క కలంపోటుతో పల్లెటూరి జనాన్ని చేసి పడేశాడు. ఆ తర్వాత జార్ పోయాడు, జర్మన్లు వచ్చిపోయారు, కమ్యూనిస్టు పార్టీ వాళ్ళు వచ్చిపోయారు. ఆ పల్లెటూరి ముద్ర మాత్రం అలాగే ఉండిపోయింది. దాన్ని చెరిపెయ్యాలని ఎవరూ పెద్దగా తొందరపడలేదు కూడా.

"తెయోఫిల్ గారూ, పవిత్ర స్థలంలో అబద్ధం చెక్కిస్తారా?" అని ఫాదర్ గారు నిలదీశారు.

"పక్క రాయి చూశారా ఫాదర్ గారూ? 'ప్రేమమూర్తి అయిన భర్త' అని ఉంది. దాన్ని తీయించండి, నాదీ తీయిస్తా," అన్నాడు తెయోఫిల్.

ఆ పక్క రాయి మనిషి ఎలాంటివాడో ఊరందరికీ తెలుసు. ఫాదర్ గారు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

నా పేరు గెనోవెఫా. సంత మైదానంలో నాది రొట్టెల కొట్టు. ఊళ్ళో ఎవరి సంగతైనా ముందు నా కొట్టుకొచ్చి, తర్వాతే ఇళ్ళకి పోతుంది. తెయోఫిల్ గారిని నేను చిన్నప్పట్నుంచీ ఎరుగుదును. పాలకేంద్రం లారీ నడిపేవాడు. తెల్లారితే చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగి పాల డబ్బాలు ఎక్కించుకొచ్చేవాడు. ఒళ్ళంతా పాలవాసన, నెత్తి మీద మాత్రం ఫెల్ట్ టోపీ. మిగతా డ్రైవర్లు మామూలు గుడ్డటోపీ పెట్టుకుంటే, "అది పల్లెటూరి వాళ్ళ టోపీ" అనేవాడు. వాగు పక్కన ఆయనకో బంగాళాదుంపల చేను ఉండేది. దాన్ని 'తోట' అనకపోతే ఒప్పుకునేవాడు కాదు. ఆదివారాలు ఇస్త్రీ కోటు వేసుకుని సంత మైదానం చుట్టూ షికారు తిరిగేవాడు. ఆ మైదానంలో అప్పటికి నా కొట్టూ, ఎండిపోయిన పంపూ, ఎవరివో నాలుగు బాతులూ తప్ప చూడ్డానికేమీ లేదు.

చరిత్ర చెప్పమంటే ఆపేవాడు కాదు. చెప్పొద్దన్నా ఆపేవాడు కాదు. రాజుగారి దగ్గర మొదలుపెట్టి జోళ్ళవాళ్ళ జెండా మీదుగా యుద్ధం దాకా వచ్చేవాడు. మైదానం చుట్టూ ఉన్న ఇళ్ళలో సగం యూదులవని, పట్టణాన్ని పట్టణంలా నడిపింది వాళ్ళేనని, జర్మన్లు వాళ్ళని తీసుకుపోయిన రోజున అసలు పట్టణం పోయిందని చెప్పేవాడు. అక్కడికొచ్చేసరికి వినేవాళ్ళు కిటికీలోంచి బయటికి చూడ్డం మొదలుపెట్టేవారు. ఆ కిటికీలూ అలాంటి ఇళ్ళవే. నా కొట్టూ అంతే. నేనూ బయటికే చూసేదాన్ని.

లెయోకాదియాది అచ్చమైన పల్లె. పాలకోసం వెళ్ళినప్పుడు పరిచయమైంది. "డబ్బా ఎత్తబోయి నన్ను ఎత్తుకొచ్చాడు," అనేది. పెళ్ళైన వారానికే పెరట్లో చుక్కల కోళ్ళని దింపింది.

"పట్టణంలో కోళ్ళేమిటే? ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారు?" అని ఆయన గింజుకునేవాడు.

"మరి మీ పట్టణం గుడ్లు పెడుతుందా? పెడితే చెప్పు, కోళ్ళని కోసేస్తా. రా పట్టణం దొరా, ఆమ్లెట్ చల్లారిపోతోంది."

ఆయన ఆమ్లెట్ తిని, టోపీ పెట్టుకుని, కోళ్ళని చూడనట్టే గేటు దాటేవాడు. ముప్పొద్దులా ఇదే గొడవ. ఒకళ్ళనొకళ్ళు వదిలి ఒక్క పూట కూడా ఉండేవారు కాదు, అది వేరే సంగతి.

చలికాలం చివర్లో లెయోకాదియా పోయింది. ఊపిరితిత్తుల జబ్బు, ఎక్కువ బాధపడలేదు. సమాధి దగ్గర ప్రార్థన అయిపోయి అందరూ కదులుతున్నప్పుడు గబ్రిష్ నోరు జారాడు. గబ్రిష్ కాలనీ మనిషి. ఓల్షా వాగు అవతల, యుద్ధం తర్వాత జమీందారు భూములు పంచితే వచ్చి స్థిరపడ్డ వాళ్ళ పేటని మేం కాలనీ అంటాం. పందులు పెంచుకుంటాడు, చెడ్డవాడు కాదు, నోటికి తాళం ఉండదంతే.

"పాపం లెయోకాదియా, జన్మంతా నిజం తప్ప మాట్లాడలేదు. ఇప్పుడు చూడు, అబద్ధం కింద పడుకోవాల్సొచ్చింది," అన్నాడు.

తెయోఫిల్‌కి తల కొట్టేసినట్టయింది. చెయ్యెత్తుతాడేమోనని నేను దగ్గరికి వెళ్ళాను. ఎత్తలేదు. రాయి వంక చూసి, "నేను పోయేలోపు ఇది నిజమవుతుంది," అన్నాడు. మర్నాడు కోళ్ళన్నిటినీ గంపకెత్తి ఆ గబ్రిష్ పెళ్ళానికే ఇచ్చేశాడు. ఖాళీ పెరడు చూడలేక ఇచ్చాడని నేననుకున్నాను. పట్టణంలో కోళ్ళెందుకని ఆయన అన్నాడు.

అప్పట్నుంచి కాళ్ళకు బలపం కట్టుకుని తిరిగాడు. ప్రభుత్వం కొన్ని ఊళ్ళకి పట్టణ హోదా తిరిగి ఇస్తోందట, మనమూ అడగాలి, ముందు ఊరంతా ఓటెయ్యాలి. గ్రామాధ్యక్షుడు సెవెరిన్ వెంటనే ఒప్పేసుకున్నాడు, పట్టణమైతే అతన్ని మేయరు అంటారు మరి. ఒప్పుకోనిది బళ్ళో పంతుళ్ళు. పల్లెలో పాఠం చెప్పినందుకు వాళ్ళకి పల్లెటూరి భత్యం వస్తుంది. పొద్దున్న పిల్లలకి మన పట్టణ వైభవం చెప్పి, సాయంత్రం నా కొట్లో నిలబడి, "పట్టణమేమిటండీ, చాదస్తం కాకపోతే!" అనేవారు. కాలనీ వాళ్ళయితే ఒక్కుమ్మడిగా వద్దన్నారు.

ఫైర్ స్టేషన్ హాల్లో సభ పెట్టారు. గబ్రిష్ లేచి, "పట్టణమైతే నా పందులు మాంసానికి ఎక్కువ తూగుతాయా?" అన్నాడు. హాలంతా నవ్వింది.

తెయోఫిల్ లేచాడు. టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. "వాళ్ళకి వద్దంటే వదిలెయ్యండి! వాగు అవతల ఎప్పుడూ పట్టణం కాదు. రాజుగారి కాలంలో ఓల్షా వాగే హద్దు. ఆ హద్దు లోపల ఉన్నదే రడోవిన్. అంతకు ఒక్క అడుగు ఎక్కువ వద్దు, తక్కువ వద్దు!"

"సరేనండీ, వాగు హద్దు అని రాసుకుందాం," అన్నాడు సెవెరిన్.

"వాగు కాదయ్యా, రాజుగారి కాలం నాటి వాగు అని రాయి. ఉత్తినే వాగు అంటే రేపెవడో కాలవ తవ్వి మళ్ళించేస్తాడు. చరిత్రని ఎవడూ మళ్ళించలేడు."

చప్పట్లు మోగాయి. కాలనీ వాళ్ళు కూడా కొట్టారు, వాళ్ళని వదిలేస్తున్నందుకు. ఓటింగ్‌లో బొటాబొటిగా గట్టెక్కింది. నేను దేనికి ఓటేశానో అడక్కండి, రొట్టెలమ్ముకునే దానికి రెండు వైపులా గిరాకీ కావాలి.

మరుసటేడు మంచు కరిగాక జిల్లా నుంచి సర్వే చేసే అమ్మాయి వచ్చింది. తెయోఫిల్ ఆ పిల్లని నెత్తిన పెట్టుకున్నాడు. కాఫీ, గసగసాల కేకు (నా కొట్లోదే), మడత కుర్చీ, రాజుగారి కథ, అన్నీ అందించాడు. అమ్మాయి కేకు తిని, చెయ్యి కడుక్కుని, ఎర్ర రంగు వేసిన మేకు తీసుకెళ్ళి ఆయన గేటు ముందు దిగ్గొట్టింది. గేటుకి, ఊరికి మధ్య.

"అమ్మాయ్, అక్కడ కాదమ్మా. వాగు నా ఇంటి వెనకాల ఉంది," అన్నాడు తెయోఫిల్.

"అది తర్వాత తవ్విన వాగు తాతగారూ. ఎప్పుడో పిండిమర కోసం జమీందారు మళ్ళించుకున్నాడు. అసలు వాగు ఇదిగో, ఈ పల్లం. మంచు కరిగినప్పుడల్లా ఇక్కడ నీళ్ళు నిలవడం మీరు చూడలేదూ?"

చూడకేం! ఏటా వసంతంలో ఆ నీళ్ళని పారతో తోడి పోసింది ఆయనే. తోడుతున్నంతసేపూ, "పట్టణమై ఉంటే ఇక్కడ మురుగుకాలవ వేసుండేవారు," అని తిట్టేది కూడా ఆయనే. ఊరి చివరి ఇల్లు ఆయనదే. ఆ పల్లానికి అవతల మిగిలింది ఆయన ఒక్కడూ, వెనకాల కాలనీ.

మర్నాడు నా కొట్లో ఇసుక వేస్తే రాలనంత మంది. సెవెరిన్ తెయోఫిల్ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. పాపం, నిజంగానే బాధపడ్డాడు.

"మీరొక్క అభ్యంతరం రాసివ్వండి బాబాయ్, హద్దు సరిచేయిస్తా. కాకపోతే... మనం పంపిన దరఖాస్తంతా వెనక్కొచ్చేస్తుంది. మళ్ళీ సభ, మళ్ళీ ఓటింగ్."

మళ్ళీ ఓటింగంటే ఏమవుతుందో అక్కడున్న అందరికీ తెలుసు. పంతుళ్ళు ఈ మధ్యలో ఇంటింటికీ తిరిగి భత్యం గురించి పాఠం చెప్పేశారు. నెగ్గే ప్రసక్తే లేదు.

తెయోఫిల్ టోపీ అంచు తిప్పుతూ కూర్చున్నాడు. నేను టీ పెట్టాను, ముట్టుకోలేదు.

"సమాధుల తోట ఎటు పడింది?" అన్నాడు.

"లోపలే బాబాయ్. చర్చి వెనకాలే కదా."

"మొత్తం లోపలేనా? ఆ మూల లెయోకాదియా ఉన్న వైపు కూడానా?"

"మొత్తం."

"అయితే కదిలించకు. అలాగే ఉండనీ."

టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. నాకు ఏడుపొచ్చింది, ఆ ఏడుపుని కోపంగా మార్చి ఒక పంతులు మీద చూపించాను. చిల్లర లేదని చెప్పి రొట్టె ఇవ్వలేదు.

కొత్త సంవత్సరం రోజున రడోవిన్ పట్టణమైంది. బ్యాండు వాయించారు, ఎండిపోయిన పంపుకి రంగు వేశారు, గుండిగల్లో క్యాబేజీ, మాంసం కలిపి వండి జనానికి వడ్డించారు. వద్దని ఓటేసిన వాళ్ళే ముందు వరసలో నిలబడి రెండోసారి వడ్డించుకున్నారు. మేయరు సెవెరిన్ వేదికెక్కి జిల్లా పెద్దల నుంచి మొదలుపెట్టి అందరికీ ధన్యవాదాలు చెప్పాడు. ఎవరో రాసిచ్చిన కాగితం చదువుతున్నాడు, చివరికొచ్చేసరికి ఆగలేకపోయాడు. "మన ఆనందంలో పాలుపంచుకోవడానికి పొరుగు గ్రామం నుంచి విచ్చేసిన తెయోఫిల్ గ్రబాల్స్కి గారికి కూడా!" అని చదివేశాడు. చదివాక నాలిక్కరుచుకున్నాడు. జనం చప్పట్లు కొట్టారు. తెయోఫిల్ టోపీ ఎత్తి, పొరుగూరి అతిథి ఎంత మర్యాదగా వంగాలో అంత మర్యాదగానూ వంగాడు.

వసంతంలో ఆయన వాగు దాటి గబ్రిష్ ఇంటికి వెళ్ళాడని తెలిసి, తన్నుకుంటారని ఊరంతా చెవులు రిక్కించింది. కోళ్ళ కోసం వెళ్ళాడట. ఇచ్చినవి ఇంకా ఉన్నాయా, వాటి పిల్లలైనా ఉన్నాయా అని అడిగాడట. గబ్రిష్ చుక్కలవి ఏరి గంపలో పెట్టి, తనే మోసుకొచ్చి దింపాడు. "మనూరి వాడివైపోయావు, తప్పుతుందా!" అన్నాడట. ఇద్దరూ పెరట్లో కూర్చుని వోద్కా తాగారు.

సకల పునీతుల పండుగ రోజు మధ్యాహ్నం నేను మావాళ్ళ సమాధుల మీద చేమంతులు పెట్టి, దీపాలు వెలిగించి తిరిగొస్తుంటే ఆయన కనిపించాడు. రాయి తుడుస్తున్నాడు. ఫాదర్ గారు అటుగా వస్తూ ఆగారు.

"తెయోఫిల్ గారూ, మీ రాయి సగం నిజమైందండోయ్."

"మిగతా సగం నా పూచీ ఫాదర్ గారూ."

ఫాదర్ గారు వెళ్ళిపోయారు. తెయోఫిల్ నన్ను చూడలేదు, నేను చూడనివ్వలేదు. లెయోకాదియా ముందు టోపీ తీశాడు. సమాధుల తోటలో అందరూ తీస్తారు, కానీ ఆయన తీసినట్టు కాదు. కోటు జేబులోంచి ఉడకబెట్టిన గుడ్డు తీసి, రాయి అంచు మీద కొట్టి, పెంకు వలుస్తూ మాట్లాడాడు.

"చూశావటే, పల్లెటూరిదానా? నువ్వేమో పట్టణంలో కాపురముంటున్నావు, నేను పల్లెటూరి నుంచి నడిచి రావాల్సొస్తోంది. ఊళ్ళో అందరూ నవ్వుతున్నారు, నువ్వూ నవ్వుకో. నీ కోళ్ళు బాగున్నాయి, ఒకటి పొదుగుతోంది." సగం గుడ్డు తిన్నాడు, ఉప్పు మరిచిపోయాడు కాబోలు, మొహం చిట్లించాడు. పెంకులు జాగ్రత్తగా జేబులో వేసుకున్నాడు. చెయ్యి తుడుచుకుని తన పేరు పక్కన ఖాళీగా ఉన్న జాగా మీద పెట్టాడు.

"ఇంకెంతో కాదులే. నేను పట్టణానికి వచ్చేశాక కోళ్ళని గబ్రిష్ చూసుకుంటానన్నాడు."