నా మాంత్రికుడి మొక్కు, నా గుండు

లెక్క సరిగ్గా ఉంటే మనిషికి ఏ ఆపదా రాదని గట్టిగా నమ్మిన కాలం ఒకటి నాకూ ఉండేది. అప్పటికి నాకు పెళ్ళి కాలేదు, తలనిండా జుట్టు ఉండేది. (ఈ రెండూ ఎందుకు కలిపి చెబుతున్నానో కాసేపట్లో తెలుస్తుంది.) బడిలో లెక్కల దగ్గరే బోల్తా పడ్డవాణ్ణి నేను. కాని బడి వదిలాక, ఎవరూ బెత్తం పట్టుకుని నెత్తిన నిలబడకపోవడం వల్లనేమో, అవే లెక్కలు ముద్దొచ్చాయి. పాత పుస్తకాలు తెచ్చుకుని సొంతంగా నేర్చుకున్నాను. పట్టాభిరామ్‌లో ఒక చిన్న ఇనప వర్క్‌షాపులో, ఏ గేటుకి ఎంత ఇనుము పడుతుందో ముందే అంచనా వేసి చెప్పే పని దొరికింది. తిరువళ్ళూరు నుంచి రోజూ లోకల్ రైల్లో పోయి వచ్చేవాణ్ణి. ఏ పెట్టె ఎక్కితే మెట్లకి ఎదురుగా దిగుతామో, ఏ కిటికీకి ఏ కాలంలో ఎండ తగలదో నాకు తెలుసు. వాన పడే అవకాశం ఎంతో చూసుకుని గాని గొడుగు తీసేవాణ్ణి కాదు. తడిసిన రోజున కూడా, లెక్క ప్రకారమే తడిశానన్న తృప్తి ఉండేది.

ఆదివారాలు మాత్రం తిరుత్తణిలో మా అక్క ఇంట్లో గడిచేవి. మా బావ కొన్నాళ్ళు బెంగళూరులో కంప్యూటర్ ఉద్యోగం చేసి, అది పడక తిరిగొచ్చి తాతల నాటి మగ్గం మీద కూర్చున్నవాడు. వస్తూ వస్తూ ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకమూ, సంచీడు పాచికలూ తెచ్చాడు. ఆ ఆటలో ఒకరు కథ చెబుతారు, తక్కినవాళ్ళు ఆ కథలో మనుషులవుతారు. ఎవరు ఏం చేయబోయినా, అది జరిగిందో లేదో పాచిక తేలుస్తుంది. కథ చెప్పేది బావ. మా అక్క దొంగ. (ఆ వేషం ఆమెకి అంత సహజంగా ఎలా వచ్చిందో బావ ఇప్పటికీ ఆలోచిస్తూ ఉంటాడు.) ఆర్.కె.పేట టౌన్ బస్సులో కండక్టరుగా ఉండే రైటన్న యుద్ధవీరుడు. నేను మాంత్రికుణ్ణి. మగ్గం గదిలో చాప పరుచుకుని ఆడేవాళ్ళం. ఆ గదిలోనే ఒక మూల బావ వాళ్ళ అవ్వ రాట్నం తిప్పుతూ నేతకి నూలు కండెలు చుట్టేది. బావ కథలో గొప్ప గొప్ప రాజ్యాలు వచ్చేవి కాని, ఏ రాజ్యానికి పోయినా అక్కడొక కొండ, కొండ మీద స్వామి, కింద రైల్వే గేటు ఉండేవి. కిటికీలోంచి చూస్తూ కథ అల్లే మనిషికి ఇంకేం తోస్తుంది?

ఈ ఆటలో మాంత్రికుడైతే సరిపోదు, మంత్రాల్లో ఏదో ఒక శాఖ పట్టాలి. నేను అన్ని శాఖలూ లెక్కగట్టి నిప్పు శాఖ తీసుకున్నాను. ఒక్క నిప్పు ముద్ద విసిరితే ఆరు ముఖాల పాచికలు ఎనిమిది వేయొచ్చు, సగటున ఇరవై ఎనిమిది దెబ్బ. దానికి దరిదాపుల్లో ఇంకో శాఖ లేదు. కొన్ని నెలలు లెక్క తప్పలేదు. బందిపోట్లు, తోడేళ్ళు, ఒక అన్యాయపు తహశీల్దారు, అందరూ సగటున ఇరవై ఎనిమిది చొప్పున కాలిపోయారు. మధ్యలో ఒకసారి రైటన్న వీరుడి మీసం కూడా కాలింది. అది లెక్కలో లేదు.

ఆ తర్వాత బావ మమ్మల్ని భూమి కిందికి దించాడు. అక్కడున్నది నిప్పులో పుట్టిన రాక్షసులు. నేను ముద్ద విసిరితే వాళ్ళు చలికాలంలో స్నానానికి వేణ్ణీళ్ళు దొరికినట్టు హాయిగా నవ్వారు. నా ఇరవై ఎనిమిది సున్నా అయింది. రైటన్న వీరుడు ఒక రాక్షసుడి కాలి కింద చిక్కుకుని, ఇంకొక్క దెబ్బ పడితే పోయేలా ఉన్నాడు. రైటన్న మొహం వాడిపోయింది. ఆయన ఆ వీరుణ్ణి సొంత తమ్ముడిలా పెంచుకున్నాడు. పైగా ఆ సమయంలో ఆయన మనసు కష్టపెట్టడం నాకు అసలు మంచిది కాదు. అత్తిమంజేరిపేటలో తన బస్సెక్కే ఒక మంచి కుటుంబం గురించి చెప్పి, నాకు సంబంధం చూసింది ఆయనే. వచ్చే ఆదివారమే పెళ్ళిచూపులు. నా ఫోటో వాళ్ళకి చేరింది, నచ్చింది కూడా. అమ్మాయి ఫోటో నాకూ చేరింది. చూసిన రోజున వర్క్‌షాపులో ఒక గేటు ఇనుము లెక్క తప్పు వేశానంటే నా పరిస్థితి అర్థం చేసుకోండి. నా ఫోటోలో చెప్పుకోదగ్గది జుట్టొకటే. తక్కిన మొహం దానికి ఆధారంగా మాత్రమే ఉండేది.

నిప్పు వదిలి కాపు శాఖకి మారితే, వీరుడి చుట్టూ ఒక కనబడని గోడ కట్టి కాపాడవచ్చు. కాని కథ నడిమధ్యలో శాఖ మార్చుకోవచ్చునా? పుస్తకం ఆ సంగతి నాన్చింది. బావ లేచి మగ్గం దగ్గరికి పోయి, నిలువునా బిగించిన పడుగు దారాల మీద అరచెయ్యి పెట్టి తీర్పు చెప్పాడు.

"పడుగు మగ్గం మీద ఉన్నంతసేపు మార్చేదానికి లేదు. నువ్వు మాంత్రికుడు, అది పడుగు. శాఖ అంటే అడ్డంగా నేసే పేక. పేక రంగు మార్చుకో, నేను వద్దనను. అయితే మార్చిన చోటు గుడ్డలో కనిపించాల బామ్మర్దీ. ఊరికే నిద్ర లేచి మారిపోయినానంటే కుదరదు."

కనిపించాలంటే ఏం చేయాలన్నాను. కథలోని కొండ స్వామికి నా మాంత్రికుడు మొక్కుకోవాలన్నాడు. ఇరవై ముఖాల పాచిక వేస్తే పద్దెనిమిదో, ఆ పైనో పడాలి. అంటే నూటికి పదిహేను పాళ్ళే అవకాశం. అప్పుడు బావ, మొక్కు ఎంత నిజంలా ఉంటే అంత కలుపుతానని ఆశ పెట్టాడు. చేతులు జోడించి నోటితో పైకి చెబితే ఒకటి. కొండ వైపు తిరిగి చెబితే ఇంకొకటి. స్వామికి ఏమిస్తావో చెబితే ఒకటి, అది కత్తెర జుట్టు కాకుండా నిండు గుండైతే మరొకటి. గుళ్ళో అర్చనకి చెప్పినట్టు పేరూ నక్షత్రమూ చెబితే ఐదోది. ఐదూ కలిస్తే పదమూడు పడినా చాలు. పదిహేను పాళ్ళు నలభై అవుతాయి. ఇంత లాభం కళ్ళ ముందు పెట్టుకుని ఊరుకునేవాణ్ణా?

కిటికీ వైపు తిరిగాను. ఎదురుగా తిరుత్తణి కొండ. చేతులు జోడించాను. నా మాంత్రికుడికి పేరుంది గాని నక్షత్రం లేదు. అప్పటికప్పుడు ఏదో కల్పించి చెబితే బావ నిజంలా లేదని ఒకటి తగ్గిస్తాడేమోనని, నా నక్షత్రం చెప్పేశాను. నక్షత్రం నాదయ్యాక పేరు ఇంకొకడిది పెడితే అతకదు కదా, పేరు కూడా నాదే చెప్పాను. రైటన్న ప్రాణం నిలబెట్టు స్వామీ, నిప్పు విద్య వెనక్కి తీసుకుని కాపు విద్య ఇయ్యి, వారం తిరిగేలోగా కొండకొచ్చి నిండు గుండు కొట్టించుకుంటానన్నాను. (వారం సంగతి ఎవరూ అడగలేదు. ఆరోది కూడా కలుపుతాడేమోనని నేనే వేశాను. కలపలేదు.) పాచిక వేశాను. అది చాప అంచు దాకా దొర్లిపోయి ఆగింది.

ఇరవై.

అంటే ఏ కలుపుడూ లేకుండానే గెలిచే అంకె. నోరు మూసుకుని వేసి ఉన్నా పడి ఉండేది. ఈ సంగతి నాకు ఆ క్షణంలోనే తట్టింది. కాని రైటన్న నన్ను కావలించుకుని, తమ్ముడూ, నా ప్రాణం పోసినావు అంటూ ఊపేస్తుంటే బయటపెట్టాలనిపించలేదు. ఆ గోలలో, మూలనున్న రాట్నం ఆగిపోయిన సంగతి ఎవరూ గమనించలేదు.

"అబ్బోడా," అంది అవ్వ. "కొండకి యెప్పుడు పోతావు?"

మేమంతా నవ్వుతూ ఆమెకి వివరించబోయాం. ఇది ఆట అవ్వా, మొక్కుకున్నది నేను కాదు, కథలో మాంత్రికుడు అన్నాను. అవ్వ అంతా ఓపిగ్గా విన్నది. ఆట అని ఆమెకి తెలియక కాదు, అన్ని ఆదివారాలూ వింటూనే ఉంది. కథలో ఎవరు ఎక్కడ ఆగారో ఒక్కోసారి బావే ఆమెని అడిగేవాడు.

"పేరు నీదే. నచ్చత్రం నీదే. కొండ మనదే. చేతులు జోడించింది నువ్వే. ఇంక దీంట్లో మంత్రగాడు యాడున్నాడు?" అంది. "సరే, నువ్వడిగింది ఆయన ఇచ్చినాడా, లేదా?"

అందరం పాచిక వైపు చూశాం. ఇరవై అంకె ఇంకా పైకే ఉంది.

అక్క ఆ రాత్రే మా అమ్మకి ఫోన్ చేసింది. గుండుతో పెళ్ళిచూపులకి ఎలా పోతాడని అమ్మ గోలపెట్టింది. మా వాళ్ళలో మగవాడు గుండుతో కనిపిస్తే మొదట వచ్చే ఆలోచన ఇంట్లో ఎవరో పోయారనే. అలాంటి ఇంటికి పిల్లనివ్వడం మాట అటుంచి, మంచినీళ్ళివ్వడానికే ఆలోచిస్తారు. మూడు కత్తెరలు జుట్టిచ్చి సరిపెట్టుకుంటే స్వామి ఒప్పుకుంటాడని అమ్మ రాయబారం పంపింది. నిండు గుండు అన్నాడు కదా అంది అవ్వ. పోనీ పెళ్ళయ్యాక అంటే, వారం లోపల అన్నాడు కదా అంది. నేను సంపాదించుకున్న ఒక్కొక్క అంకే ఇలా ఒక్కొక్కటిగా నా తల మీదికి వచ్చి కూర్చుంది. నిజం చెప్పాలంటే, అవ్వ పట్టు వదిలినా నేను తప్పించుకునేవాణ్ణి కాదేమో. స్వామి వింటూ ఉండే అవకాశం నూటికి ఎంతో లెక్కగట్టబోయి, ఎంత వేసినా ఎక్కువగానే వస్తుంటే వదిలేశాను.

మధ్యలో ఒక రోజు సెలవు పెట్టి కొండెక్కాను. తిరుత్తణిలో గుండు ఒక వింత కాదు. చందనం పూసుకుని దిగుతుంటే, నాలాంటి తలలు ముందూ వెనకా బారులు తీరి ఉన్నాయి. అక్కడున్నంతసేపు ధైర్యంగానే ఉన్నాను. మరునాడు పట్టాభిరామ్‌లో దిగాక తెలిసింది. వర్క్‌షాపులో మేస్త్రి లేచొచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. వెల్డింగ్ ఆగిపోయింది. టీ తెచ్చిన మనిషి నాకు ముందుగా ఇచ్చాడు. పోయింది ఎవరని మెల్లగా అడిగాడు మేస్త్రి. ఎవరూ కాదని చెబితే, దుఃఖంలో మాట్లాడలేకపోతున్నాడనుకుని ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. పోయింది నిప్పు మాంత్రికుడొక్కడేనని ఆయనకి ఎలా చెప్పను?

ఆదివారం వచ్చింది. అక్కా బావా, అమ్మ, నేను, సంబంధం తెచ్చినవాడు గనక రైటన్న, సాక్ష్యం చెప్పడానికన్నట్టు అవ్వ, అందరం అత్తిమంజేరిపేటకి పోయాం. నా తలకి రుమాలు కట్టమని అమ్మ అంది గాని, అది ఇంకా అనుమానంగా ఉంటుందని నేనే వద్దన్నాను. గుమ్మంలో అమ్మాయి వాళ్ళ నాయన చేతులు జోడించబోయి, నన్ను చూసి సగంలో ఆపేశాడు.

"ఏమండీ, ఇంట్లో ఏదన్నా చెడు జరిగిందా?"

"అట్లాంటిదేం లేదయ్యా, మొక్కుబడి," అన్నాడు బావ తొందరగా.

ఆయన మొహం తేటపడింది. మొక్కంటే మంచిదే, దేనికి మొక్కుకున్నారని మర్యాదగా అడిగాడు. మాకంటే ముందు అవ్వ అందుకుంది. "ఈయన ప్రాణం కోసం," అని రైటన్నని చూపించింది. అబద్ధం కాదు. కాని రైటన్న ఆ సరికే రెండో మురుకు కొరుకుతూ, నిండా ఆరోగ్యంతో ఉన్నాడు. ఏమైంది కండక్టర్ సార్‌కి అని అమ్మాయి నాయన కంగారుపడితే, రైటన్న నోట్లోది మింగి, నన్నొక రాక్షసుడు తొక్కినాడు అన్నాడు.

ఇక దాచి లాభం లేదు. మొదట్నుంచీ చెప్పాను. నిప్పు శాఖ, సగటు, సున్నా, పడుగూ పేకా, పద్దెనిమిది నుంచి పదమూడుకి ఎలా దించానో, అంతా వరసగా చెప్పాను. చెబుతుంటేనే ఈ సంబంధం చెయ్యి జారిపోతోందని తెలుస్తోంది. అమ్మాయి నాయన వింటూ వింటూ కుర్చీని కొంచెం వెనక్కి జరుపుకున్నాడు. మా అమ్మ నేలవైపు చూస్తోంది. చివరికి పాచిక ఇరవై పడిందని చెప్పి ఊరుకున్నాను.

అమ్మాయి లోపలి గుమ్మం దగ్గర కాఫీ పళ్ళెంతో నిలబడి ఉంది. ఎప్పట్నుంచో నాకు తెలీదు.

"ఇరవై పడిందా?" అంది. "అట్లయితే మీరేం చెప్పకపోయినా గెలిచుంటారు గదా. పద్దెనిమిదే గదా కావాల్సింది."

వారమంతా ఆ సంగతి ఒక్కడినే మోశాను. బావకి తట్టలేదు, అక్కకి తట్టలేదు, ప్రాణం నిలిచిన రైటన్నకి తట్టలేదు. అవును, అన్నాను. ఆమె పెదవి బిగబట్టి చూసింది, ఆగలేదు. కాఫీలు పళ్ళెంలోకి తొణికేదాకా నవ్వింది. ఆమె నవ్వు చూసి అవ్వ, అవ్వని చూసి మా అమ్మ, చివరికి కుర్చీ వెనక్కి జరుపుకున్న పెద్దమనిషి కూడా నవ్వాడు. ఆ తర్వాత లోపల వాళ్ళమ్మతో ఆమె అన్న మాట, గోడ పలచన గనక మాకూ వినిపించింది.

"ఫోటోలో ఆ జుట్టు చూసి భయపడితిమ్మా, దానికి నూనె యెవురు పెట్టేదని. ఇప్పుడు పరవాలా, మొగం కనిపిస్తాంది."

అలా నా పెళ్ళి, ఏ లెక్కలోనూ లేని దారిన కుదిరింది.

ఆట ఇప్పటికీ నడుస్తోంది. మగ్గం గదిలో అదే చాప. మూల రాట్నం ఉంది, అవ్వ లేదు. కథలో ఎవరు ఎక్కడ ఆగారో బావ మరిచిపోతే, మాలో ఎవరో ఒకరం ఆ మూల వైపు చూస్తాం. నిప్పు శాఖ ఇప్పుడు మా ఆవిడది. నాలాగా సగటులు కట్టదు, తోచినట్టు విసురుతుంది, సరిగ్గా తగులుతుంది. విసుగు పుట్టినప్పుడల్లా శాఖ మార్చేస్తుంది. మార్చిన చోటు గుడ్డలో కనిపించాలి కదా, కిటికీ వైపు తిరిగి చేతులు జోడించి చక్కగా మొక్కుకుంటుంది. పేరూ నక్షత్రమూ మాత్రం నావి చెబుతుంది. ఆ మొక్కులు తీర్చడానికి నేను కొండెక్కుతూ ఉంటాను.

మొన్న పోయినప్పుడు మంగలి నా తల తడిపి, అటూ ఇటూ తిప్పి చూసి, "ఎంగెరుందు సార్ ఆరంబిక్కిరదు?" అని అరవంలో అడిగాడు, ఎక్కడ మొదలుపెట్టాలో నిజంగానే తెలీక. చెవుల పైన ఉన్న కాస్తా చూపించాను. ఇంటికొచ్చాక, పెళ్ళిచూపులకి ముందు వాళ్ళకి పంపిన ఆ ఫోటో గోడ మీద ఉంటే దాని ముందు కాసేపు నిలబడ్డాను. కొత్తగా వచ్చినవాళ్ళకి మా ఆవిడ దాన్ని నా తమ్ముడి ఫోటో అని చెబుతుంది, నమ్ముతారు. అన్నీ లెక్క చూసుకున్నానన్న ధీమా ఆ కుర్రాడి మొహం నిండా ఉంది. పాపం అనిపించింది. ఆ జుట్టు చూస్తే కొంచెం అసూయ కూడా కలిగింది. నా చెయ్యి దానంతట అదే తల మీదికి పోయింది, చందనం ఇంకా చల్లగా ఉంది.