ఎంటర్‌కి నేనిచ్చిన ప్రమోషన్

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. డిగ్రీ చేతికొచ్చి ఏడాది, కాంట్రాక్టు ఉద్యోగం దొరికి మూడు నెలలు అయిన మనిషికి ఆమాత్రం ధీమా లేకపోతే ఎలా? ఇల్లు తార్నాకలో, కొలువు నడిచి వెళ్లేంత దూరాన యూనివర్సిటీ పరీక్షల విభాగంలో. బయట తెలంగాణ ఉద్యమం, రోజు విడిచి రోజు బంద్. లోపల నేనూ, మౌలాలి నుంచి వచ్చే కంట్రోల్ అన్నా, ఇద్దరికీ కలిపి ఒకే కంప్యూటరూ. పొద్దున నేను, మధ్యాహ్నం ఆయన మార్కులు ఎక్కించేవాళ్లం.

అది పేరుకే కొత్త కంప్యూటర్. ఒక సాఫ్ట్‌వేర్ తెరిస్తే నల్లటి తెర మీద పచ్చటి అక్షరాలతో పై అంతస్తులోని పాతకాలపు పెద్ద కంప్యూటర్ ప్రత్యక్షమయ్యేది. ఆ పెద్దాయన పద్ధతులే వేరు. తెరకి పాతిక హాల్‌టికెట్ నంబర్లు వస్తాయి. ఎదురుగా మార్కు వేసి ఎంటర్ కొడితే కింది నంబరుకి దిగుతాం, అంతే. పేజీ నిండాక లోపలికి పంపాలంటే కీబోర్డులో కుడివైపు కంట్రోల్ మీట నొక్కాలి. అన్న ఇరవై ఏళ్లుగా నొక్కీ నొక్కీ ఎన్ని కీబోర్డుల్లోనో ఆ మీట మీద అక్షరాలు చెరిపేశారు. అందుకే ఆ పేరు. తెరవైపు చూడటం ఆయనకు నామోషీ. కళ్లు కాగితం మీద, వేళ్లు వాటి పని మీద.

నాకదంతా చాదస్తంగా తోచింది. లోకమంతా ఎంటర్‌తో పంపుతుంటే మనకెందుకీ తిప్పలని, ఒకరోజు సెట్టింగుల్లో దూరి, ఏ మీట ఏం చెయ్యాలో రాసి ఉన్న పట్టికను మార్చి, ఎంటర్‌కి పంపే అధికారం ఇచ్చేశాను. (ఎవర్నీ అడగలేదు. మంచి పనికి అడగడమేమిటి?) మధ్యాహ్నం అన్నకి చూపించి మెప్పు పొందుదామనుకుంటుండగా, యూనివర్సిటీ గేటు దగ్గర టియర్‌గ్యాస్ వదిలారట వెంటనే వచ్చెయ్యమని అమ్మ ఫోన్. పరుగు తీశాను.

అన్న బంద్‌లోనూ నడిచొచ్చి పనిలో కూర్చున్నారు. మొదటి మార్కు వేసి ఎంటర్ కొట్టగానే పేజీ లోపలికి వెళ్లిపోయింది. రెండో మార్కు తర్వాతి పేజీలో పడింది. ఖాళీ గడి అంటే పెద్ద కంప్యూటర్ దృష్టిలో గైర్హాజరు. పేజీలన్నీ అయిపోయాక అది కీచుమని మొత్తుకున్నా బయటి నినాదాల్లో వినబడలేదు. గైర్హాజరైనవాళ్ల జాబితా చూసిన సూపరింటెండెంట్ గారు, ఉద్యమంలో తిరిగే పిల్లలు పరీక్షలేం రాస్తారులే అని నిశ్చింతగా సంతకం పెట్టేశారు.

ఫలితాలు నోటీసు బోర్డెక్కాక ఆ పిల్లలే మా గది ముందు కూర్చున్నారు. ధర్నాకి పోతూనే చదువుకుని రాశామని, ఏడాది పోతే ఇంటికి ఏ మొహంతో వెళ్లాలని ఒకబ్బాయి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. సూపరింటెండెంట్ గారు మా ఇద్దర్నీ పిలిచి, ఇది ఎవరి నిర్వాకమని అడిగారు. నా కాంట్రాక్టు రెన్యువల్ కాగితం ఆయన బల్ల మీదే ఉంది. నేను సీలింగ్ ఫ్యాన్‌ని శ్రద్ధగా పరిశీలించాను.

"నా చెయ్యి తప్పింది సార్. మూడు దినాల్ల మల్ల ఎక్కిస్త" అన్నారు కంట్రోల్ అన్న.

వరండాలోకి వచ్చాక ఎందుకలా చెప్పారని గొణిగాను.

"నీది కాంట్రాక్టు చెల్లె, నాది పర్మినెంటు. నన్నేం జేస్తరు?" అని, "గని ఒక్కమాట. అడగకుంట మనిషి అలవాటు మారుస్తే కోపమొస్తదా, రాదా? బయట గా పోరగాళ్లు లొల్లి చేసేది గిసుంటి దానికే" అన్నారు.

మా ఇంట్లో రోజూ టీవీ ముందు గంటల తరబడి జరిగే చర్చల్లో నాకెక్కనిది అప్పుడెక్కింది. సిగ్గుతో తల దించుకున్నాను. మీటల పట్టికను మళ్లీ పాతలాగే పెట్టేసి, మూడు రోజులూ ఆయన మార్కులు చదువుతుంటే నేను ఎక్కించాను, పేజీ పేజీకీ కుడి కంట్రోల్ నొక్కుతూ. ఆ పిల్లలు పాసయ్యారు. నాకు రెన్యువల్ వచ్చింది.

ఇప్పుడు వేరే ఆఫీసులో నేనే సీనియర్ని. నా కంప్యూటర్‌లో ఏది పంపాలన్నా కుడి కంట్రోలే నొక్కేలా పెట్టుకున్నాను. మొన్న నేను టీ తాగి వచ్చేసరికి, కొత్తగా చేరిన అమ్మాయి నా మీటలన్నీ సంస్కరించి, మెప్పు కోసం నవ్వుతూ నిలబడింది. అరవడానికి నోరు తెరిచాను. ఆ ధీమా ఎక్కడో బాగా తెలిసినదనిపించి, "కూర్చో చెల్లె" అన్నాను.