తినని గుడ్డుకు పూచీ

కోవిడ్ తర్వాత బడులు మళ్ళీ తెరిచి, మా బళ్ళారి జిల్లాలో మధ్యాహ్న భోజనంతో పాటు పిల్లలకు ఉడికించిన గుడ్డు పెట్టడం మొదలైన రోజుల్లో నేను సిరుగుప్ప తాలూకాలో పశువైద్యాధికారిగా ఉన్నాను. అది నా ఆఖరి పోస్టింగు. అప్పటికి నాకు గుడ్ల మీద ఉపన్యాసాలు ఇవ్వడంలో తాలూకా స్థాయి కీర్తి ఉండేది. మహిళా సంఘాలకు, కోళ్ళ రైతులకు, వ్యవసాయ శాఖ పిలిచిన శిబిరాల్లో ఎవరు దొరికితే వాళ్ళకు, మంచి గుడ్డును ఎలా పోల్చుకోవాలో చెప్పేవాణ్ణి. చెప్పనిది ఒక్కటే. నేను పుట్టి బుద్ధెరిగాక గుడ్డు తినలేదు.

మాది బళ్ళారి బజారులో తరతరాలుగా పప్పుల వ్యాపారం చేసుకునే తెలుగు కుటుంబం. మా వంటింట్లోకి ఉల్లిగడ్డ రావడమే ఆలస్యంగా వచ్చింది, ఇక కోడిగుడ్డు మాట చెప్పేదేముంది. వైశ్యుడికీ వైద్యుడికీ రాతలో అట్టే తేడా లేదు కదా అని నేను వైద్యానికి దరఖాస్తు పెట్టుకుంటే, నా మార్కులు చూసి పశువైద్యంలో సీటిచ్చారు. కాలేజీలో గుడ్డు పాఠం చెప్పిన ప్రొఫెసరు గారు నా సంగతి తెలిసి కూడా నన్ను వదిలిపెట్టలేదు. కన్ను, చెయ్యి, ముక్కు ఉంటే చాలు, నాలుక పరీక్షకు రాదు అన్నారాయన. ఆ మాట పట్టుకునే ఉద్యోగమంతా నెట్టుకొచ్చాను.

హచ్చొళ్ళి దారిలోని ఒక ఊరి ప్రాథమిక పాఠశాలలో గోల మొదలైందని వేసవి ముదురుతుండగా కబురొచ్చింది. గుడ్డు పెంకు ఒలిచిన ఒకరిద్దరు పిల్లలకు గుప్పున కంపు కొట్టింది. ఇంకొందరికి పచ్చసొన చుట్టూ ఆకుపచ్చటి వలయం కనిపించింది. సాయంత్రానికి ఫోన్లలో వీడియో తిరిగింది. మర్నాటికి అవి ప్లాస్టిక్ గుడ్లైపోయాయి. తల్లిదండ్రులు పిల్లల్ని గుడ్డు ముట్టొద్దన్నారు. ఆహార భద్రత వాళ్ళు నమూనాలు పట్టుకెళ్ళారు గానీ ప్రయోగశాల నుంచి నివేదిక రావడానికి టైము పడుతుంది. పాఠశాల కమిటీ అంతవరకు ఆగేటట్టు లేదు. ప్రధాన వంటమనిషి మార్తమ్మను తీసెయ్యాలనీ, మా బడికి గుడ్లే వద్దని రాసివ్వాలనీ తీర్మానం సిద్ధం చేసుకుంటున్నారు. సంతకాలు పెట్టక ముందే వెళ్ళి చూసి అభిప్రాయం చెప్పమని తాలూకా కార్యాలయం నన్ను పంపింది.

మార్తమ్మ పాత మిషన్ సంఘం తెలుగు కుటుంబం మనిషి. భర్త లేడు. ఇద్దరు ఆడపిల్లలు ఆ వంట జీతం మీదే హైస్కూలు చదువుతున్నారని హెడ్‌మాస్టరు చెప్పాడు. గుడ్ల సంగతి కూడా చిన్నది కాదు. ఆ బడి పిల్లల్లో ఎక్కువమంది నాట్లకు పోయే తల్లుల బిడ్డలు. వారంలో వాళ్ళ కంచంలో పడే గట్టి తిండి ఆ గుడ్డే. ఇంత బరువు నా అభిప్రాయం మీద పడిందని బడి గేటు దగ్గర జీపు దిగినప్పుడు అర్థమైంది. అక్కడ నా కోసం సగం ఊరు నిలబడి ఉంది.

ముందు వరండాలో ఉన్న ట్రేల నుంచి అక్కడొకటి ఇక్కడొకటి గుడ్లు ఏరాను. పరీక్ష పద్ధతి పెద్ద విద్యేమీ కాదు. చీకటి గదిలో గుడ్డు వెడల్పు కొసకు టార్చి ఆనించి చూస్తే లోపల గాలి గది కనిపిస్తుంది. అది చిన్నగా ఉంటే గుడ్డు తాజాది, పెద్దదయ్యేకొద్దీ పాతది. తర్వాత నీళ్ళ బకెట్టు. తాజా గుడ్డు అడుగున పడుకుంటుంది, పాతబడేకొద్దీ లేచి నిలబడుతుంది, మరీ పాతది పైకి తేలుతుంది. చివరికి కంచంలో కొట్టి చూడాలి. మంచిదైతే పచ్చసొన బొడిపెలా ఎత్తుగా నిలుస్తుంది, తెల్లసొన దాన్ని విడవకుండా చుట్టుకుని ఉంటుంది. నేను ఏరినవన్నీ నెగ్గాయి. ఆకుపచ్చ వలయం కూడా విషం కాదనీ, ఎక్కువసేపు ఉడికించి వేడి నీళ్ళలోనే వదిలేస్తే అలా వస్తుందనీ చెప్పి, గుడ్లు బాగున్నాయని ప్రకటించాను.

కమిటీ అధ్యక్షుడు బసప్ప పెద్ద వరి రైతు, తొణకని మనిషి. ఆయన ఒక ఉడికిన గుడ్డు ఒలిపించి స్టీలు ప్లేటులో పెట్టి నా ముందుకు జరిపాడు.

"బాగుండాదంటివి కదా సారూ. ఐతే తిను. ఈడ రూలేమంటే, బిసియూట వండినామె ముందు తినల్ల, మేష్ట్రు తినల్ల, ఆమీదనే పిల్లోళ్ళకు. ఈ పొద్దు పూచీ నీది, ముందు తినేదీ నువ్వే."

ఆ నియమం నిజమే. ప్రతి బడిలోనూ బిసియూటను, అంటే మధ్యాహ్న భోజనాన్ని, పెద్దలు రుచి చూశాకే పిల్లలకు వడ్డిస్తారు. నేను గొంతు సవరించుకుని, నాకు గుడ్డు తినే అలవాటు లేదని చెప్పాను. ఒక క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక వరండా అంతా ఒక్కసారి నవ్వింది.

"అయ్యో దేవరే! పెండ్లి కానోడు కాన్పు కష్టం చెప్పినట్లుండాది," అంది ముందు నిలబడిన హనుమక్క. మూడో తరగతి పిల్ల తల్లి, ఆ గుంపుకు గొంతు ఆమెదే.

వేల బర్రెలకు కాన్పులు చేశానమ్మా, నేనెప్పుడూ దూడను ఈనలేదు అన్నాను. మళ్ళీ నవ్వారు. బసప్ప మాత్రం నవ్వలేదు.

"నగేది నగుదాం సారూ. నువ్వు నోట్లో పెట్టనిది మా బిడ్డోళ్ళకు ఏల పెట్టల్ల? అది చెప్పు."

హెడ్‌మాస్టరు నా చెవి దగ్గరికి వంగి, ఒక తునక నోట్లో వేసుకుని వెనక్కెళ్ళి ఉమ్మేయండి సార్ అని సలహా ఇచ్చాడు. ప్లేటులో గుడ్డు తెల్లగా, ఏ పాపమూ ఎరగనట్టు కూర్చుంది. వంటగది గుమ్మంలో మార్తమ్మ కొంగు చేత్తో పట్టుకుని నన్నే చూస్తోంది. తినేద్దామా అని ఒక్క నిమిషం ఆలోచించిన మాట నిజం. కానీ నేను గుటకేస్తే రుజువయ్యేది ఆ ఒక్క గుడ్డే. మిగతావాటి సంగతి నా పొట్టకు తెలియదు. బసప్ప అడిగింది సరైన ప్రశ్న, దానికి జవాబు నా నోరు కాదు. గుడ్డు విషయంలో గుడ్డి నమ్మకం పనికిరాదని ఊరూరా చెప్పినవాణ్ణి, నన్ను మాత్రం గుడ్డిగా నమ్మమని ఎలా అడగను?

నన్ను నమ్మొద్దు, మీరే చూడండి అన్నాను. ప్లేటు పక్కకు జరిపి, టార్చి హనుమక్క చేతిలో పెట్టాను.

"నాకేం తెలుసు సారూ, నేనేమన్నా డాక్టరమ్మనా?" అంటూనే ఆమె సామాన్ల గదిలోకి దూరింది. వెనకే ఇంకో నలుగురు తల్లులు. కిటికీ మూసి, టార్చి మూతికి అట్టముక్క చుట్టి, మొదటి గుడ్డు వెలిగించాను. ఎర్రటి దీపంలా మెరిసింది. "అబ్బా, లోపల చందమామ ఉండాదే!" అంది ఒకామె. గాలి గది ఎక్కడో చూపించాను. పది గుడ్లు దాటేసరికి నా అవసరం తీరిపోయింది. "ఇది తాజా. ఇది తాజానే. ఇది కొంచెం ముసిలిది," అని వాళ్ళే తీర్పులిస్తున్నారు. ఒకామె ఇంటికి పరుగెత్తి, అంగట్లో నాటుకోడివని ఎక్కువిచ్చి కొన్న గోధుమరంగు గుడ్లు రెండు తెచ్చింది. బకెట్టులో వేస్తే రెండూ సిపాయిల్లా లేచి నిలబడ్డాయి. పెంకు రంగు కోడి జాతి చెబుతుంది గానీ గుడ్డు వయసు చెప్పదని నేను వివరించబోతే, "ఆయప్పకు రేపు నేను చెప్తా రంగు సంగతి," అని ఆమె అప్పటికే అంగడివాణ్ణి తలుచుకుంటోంది.

ట్రేలు అయిపోయాక హనుమక్క కళ్ళు మూలనున్న గంగాళం మీద పడ్డాయి. దాని మీది గుడ్డ తీస్తే లోపల గుడ్లు తళతళలాడుతున్నాయి. ట్రేల్లోవాటి మీద అక్కడక్కడ మరకలున్నాయి, వీటి మీద ఒక్క చుక్క లేదు. వరండాలో ఉన్నవే మొత్తం నిల్వ అనుకుని నేను వీటిని చూడనేలేదు. ఆమె ఒకటి తీసి టార్చి మీద పెట్టింది. వెలుతురు లోపలికి సరిగా దిగలేదు. ఇంకొకటి తీస్తే గాలి గది సగం దాకా వచ్చింది. మూడోది కంచంలో కొట్టింది. అందరం ముక్కులు మూసుకుని బయటికొచ్చేశాం.

"చూడ్నీకి పెండ్లికూతుర్ల మాదిరి ఉండాయి, ఇవే ఖరాబు!" అని హనుమక్క గట్టిగా అంది. బసప్ప మార్తమ్మ వైపు తిరిగాడు.

"ఏందమ్మా ఇది? పాతవి యాడనుంచి తెచ్చి కలిపినావు?"

తప్పుకోవాలంటే ఆమెకు దారి ఉంది. లారీ అలాగే దించి పోయిందంటే అడిగేవాడు లేడు. ఆమె ఆ దారి పట్టలేదు.

"పాతవి కాదప్పా. ట్రేల్లోవి, ఇవి ఒకే లోడువే. లోడు వచ్చిన పొద్దే నేను మరకలు ఎక్కువుండేవి ఏరి తొట్లో యేసి పసుపు నీళ్ళతో కడుగుతా. కడిగి గంగాళంలో పెట్టి తడిగుడ్డ కప్పుతా, ఎండకు చల్లగుంటాయని. కడగనివి ముందు వాడి, కడిగినవి ఆకిరికి పెడతాండా."

మొట్టెలను, అక్కడ గుడ్లను అలాగే అంటారు, ఎందుకు కడుగుతున్నావని నేనే అడిగాను. ఆమె తల దించుకునే చెప్పింది.

"మొదట్లో పెంట మరకలుండే మొట్టెలు మా పిల్లకు పెడతావా అని అడిగిరి సారూ. మావంటోళ్ళకు శుభ్రం తెలీదంటిరి. దాండ్లకే కడిగేది నేర్చుకున్యా."

టార్చి ఇంకా హనుమక్క చేతిలో వెలుగుతూనే ఉంది. ఆమె దాన్ని ఆర్పింది.

"అనింది నేనే," అంది. "మా పాప చేతికి మరక అంటిందని నేనే అంటి. ఈయమ్మను ఏల అనేది ఇంక?"

సంగతి ఇదీ. గుడ్డు బయటికి వచ్చేటప్పుడు పెంకు మీద కోడే ఒక పల్చటి పొర పూసి పంపుతుంది. పెంకులోని కంటికి కనపడని రంధ్రాలను అది మూసి ఉంచుతుంది. నీళ్ళలో నానబెట్టి రుద్దితే ఆ పొర పోతుంది, పైన ఉన్న మురికే నీళ్ళతో కలిసి లోపలికి దిగుతుంది. అలా కడిగినదాన్ని తడిగుడ్డ కింద, బళ్ళారి ఎండలో, రోజుల తరబడి ఉంచితే పసుపు కాదు కదా పరమాత్మ కూడా కాపాడలేడు. అందుకే లోడు వచ్చిన కొత్తలో ఏ ఇబ్బందీ లేదు, అడుగుకు వచ్చేసరికి కంపు. ఆ గంగాళం మొత్తం గుంత తీసి పూడ్చిపెట్టించాను. పగిలినవి, పెంట బాగా అంటినవి లోడు దగ్గరే వెనక్కి పంపమన్నాను. చిన్న మరకుంటే పొడిగుడ్డతో తుడవాలి. వెడల్పు కొస పైకి పెట్టి నీడన ఉంచాలి. కడగడం పొయ్యి మీద పెట్టే ముందే.

ఆ రోజు వంటకు ట్రేల్లోని గుడ్లు వాడారు. తల్లులు ఒక్కొక్కటీ టార్చి పెట్టి చూసి మార్తమ్మకు అందించారు. ఉడికాక కొత్త తగాదా వచ్చింది. పెంకు ఒలవబోతే గుడ్డు సగం దాంతోనే ఊడొస్తోంది. "ఇదేంది సారూ, మంచి మొట్టెకు ఇంత పెంకితనమా!" అని హనుమక్క నా మీద విరుచుకుపడింది. తాజా గుడ్డు లక్షణమే అదనీ, పెంకు సులువుగా జారిపోయేది కాస్త వయసు మళ్ళిన గుడ్డనీ చెప్పాను. ఆమె తిట్టుకుంటూనే ఒలిచి, మొదటి ముక్క తను తిని, రెండోది మార్తమ్మ నోట్లో పెట్టి, మిగతాది కూతురి కంచంలో వేసింది. నియమం నెరవేరింది.

తీర్మానం కాగితం సంతకాలు లేకుండానే పోయింది. మార్తమ్మ ఉద్యోగం నిలిచింది. లోడు వచ్చిన ప్రతిసారీ ఇద్దరు తల్లులు వంతులవారీగా వచ్చి టార్చి పరీక్ష చేయాలని కమిటీ రాసుకుంది. అందరూ మారిపోయారని చెప్పను. బసప్ప మనవడు ఆ ఏడాది పొడుగునా, గుడ్డు వద్దన్న పిల్లలకిచ్చే అరటిపండే తిన్నాడు. అది ఆయన హక్కు.

నేను గుడ్డు తినేవాణ్ణయ్యుంటే ఆ పొద్దు వరండాలో ఒకటి మింగి, చప్పట్లు కొట్టించుకుని, జీపెక్కి వచ్చేసేవాణ్ణి. గంగాళం మూలనే ఉండేది. నా ముందు పెట్టిన ప్లేటును వెనక్కి తీసుకోకుండా ప్రశ్న అడిగిన బసప్పకు, తప్పించుకోగలిగీ నిజం చెప్పిన మార్తమ్మకు, తన మాటను తనే ఒప్పుకున్న హనుమక్కకు నేను రుణపడి ఉన్నాను. ఉద్యోగంలో నాకు వచ్చిన మంచి పేరులో పెద్ద వాటా వాళ్ళదే.

గుడ్లు కొనేవాళ్ళకు నేను చెప్పగలిగింది కొంచెమే. తెలుపు, మెరుపు, పెంకు రంగు చూసి మోసపోవద్దు. ఎప్పుడొచ్చాయి, ఎక్కడ పెట్టారు, కడిగారా అని అడగండి. ఇంటికొచ్చాక ఒకటి నీళ్ళలో వేసి, ఒకటి కంచంలో కొట్టి చూసుకోండి. మనం దేన్ని చూసి మెచ్చుకుంటామో, మనకు పెట్టేవాళ్ళు దాన్నే తయారుచేసి పెడతారు. మరక లేని గుడ్డు కావాలని అడిగితే మరక లేని గుడ్డే వస్తుంది. మంచి గుడ్డు కావాలంటే మంచి గుడ్డు ఎలా ఉంటుందో అడిగేవాళ్ళకు ముందు తెలిసుండాలి.