ఊగని ఉయ్యాలతో జైనూర్ అడవిదాకా

నా రాతలో తప్పులుంటే మన్నించండి. ఏడో తరగతితో నా బడి ఆగిపోయింది, అక్షరాలు కూడా వంకరగానే వస్తాయి. నేను కాగితం మీద రాసింది మా ఆడబిడ్డ రమ ఫోన్‌లో ఎక్కించి బ్లాగులో పెడుతుంది. నలుగురిలో మాట్లాడలేను కాబట్టి రాస్తున్నాను.

మాది కరీంనగర్, మా ఆయనది వెల్డింగ్ షాపు. ఛత్తీస్‌గఢ్‌లో కాల్పులకు భయపడి పారిపోయి వచ్చి, మన అడవిలో గుడిసెలు వేసుకున్నవాళ్ల పిల్లలకు ఉయ్యాల చేసివ్వమని ఒక సంస్థ ఆర్డరిచ్చింది. పీటల మీద పిట్టల బొమ్మలు వేసింది నేనే. వాటి మీద పిల్లలు ఊగుతుంటే చూడాలని నేనూ వ్యానెక్కాను. "ఏం వదినా, మా అన్న తప్పిపోతడని ఎంట వస్తున్నవా?" అన్నాడు డ్రైవర్. సిగ్గేసి కిటికీ వైపు తిరిగాను.

తెల్లవారుజామున బయలుదేరి జగిత్యాల, ధర్మపురి మీదుగా వెళ్లి గోదావరి దాటాం. లక్సెట్టిపేట, జన్నారం, ఉట్నూర్ దాటి జైనూర్ చేరేసరికి పదకొండయింది. వ్యాను కిరాయి రానుపోను ఆరువేలు. అక్కడి నుంచి అడవిలో మట్టిబాట.

గూడెంలో పొయ్యిల మీద జావ ఉడుకుతోంది, మనుషులు మాత్రం లేరు. మా వ్యానులో ఇనుప గుంజలు, గడ్డపారలు చూసి, గుడిసెలు పీకడానికి వచ్చామనుకుని అడవిలోకి పరుగెత్తారట. చాలాసేపటికి జోగి అనే ఆమె ఒక్కతే వచ్చింది. పత్తి ఏరే కూలికి వెళ్లి తెలుగు నేర్చుకున్న మనిషి. సంగతి విని మిగతావాళ్లను కేకేసింది.

మా ఆయన గుంత తవ్వబోతే ఆమె అడ్డం నిలబడింది. "సిమెంటు వద్దన్నా. గుంజ పాతితె జాగ పట్టుకున్నరంటరు ఫారెస్టోళ్లు. గుడిసెలు పీకుతరు."

"సిమెంటు పొయ్యకుంటె నిలవదక్కా. పిల్లల మీద పడ్తది."

"పడితె దెబ్బ మానుతది. గుడిసె పోతె యాడికి పోవాలె?"

ఆయన గడ్డపార కింద పెట్టాడు. సంస్థవాళ్లకు ఫోన్ చేస్తే, నిలబెట్టి ఫొటో పంపితే చాలన్నారు. నలుగురు మగవాళ్లు గుంజలు పట్టుకున్నారు. పిల్లల్ని పీటల మీద కూర్చోబెట్టి, "జర కదలకుండ కూసోండ్రి బిడ్డా, ఊగొద్దు" అని మా ఆయన బతిమాలాడు. ఒక చిన్నపిల్ల కాళ్లు చాపి ఊగబోయింది. గుంజ పట్టుకున్న తండ్రి కసిరితే ఆగింది. ఫొటో అయ్యాక ఆ పిల్ల దిగలేదు. గొలుసు పట్టుకున్న వేళ్లను జోగి ఒక్కొక్కటే విడదీసింది. ఉయ్యాల మళ్లీ వ్యానెక్కింది.

ఆ ఫొటో ఇప్పుడు సంస్థ ఆఫీసు గోడ మీద ఉందట. ఉయ్యాల మా షాపు ముందు తుప్పు పడుతోంది. ఒక్క గుంత తవ్వుకునే హక్కు లేనివాళ్లకు ఆటస్థలం ఇద్దామని అంతదూరం వెళ్లాం. నా పిట్టలను చూసుకోవాలనే తొందరలో నేనూ ఏమీ అడగలేదు. మీరూ ఇలాంటి పనికి వెళ్లేట్టయితే, ముందు ఒకరు ఉత్త చేతులతో వెళ్లి వాళ్లనడగండి. సామాన్లు తర్వాత.

రమా, జైనూర్ నుంచి గూడేనికి పోయే దారి కాగితం వెనక రాశాను. అది మాత్రం బ్లాగులో పెట్టకు. ఎక్కించడం అయిపోగానే కాగితాన్ని పొయ్యిలో వేసెయ్.