కట్ అనగానే ఆగిన అమ్మ

దెయ్యం సినిమా తీయడానికి నా గది కావాలని ఆ పిల్లలు అడిగినప్పుడు నాకు ఒళ్లు మండింది. మరి మండదా? కంచరపాలెంలో రైలు పట్టాల పక్క సందు మాది. ముందు వాటాలో మా అత్త, మా బావగారు తవిటయ్య, ఆయన పెళ్లాం గౌరీశ్వరి ఉంటారు. గౌరీశ్వరి నాకు తోడికోడలు, నేను గౌరక్క అంటాను. వెనకనున్న పెంకుల గది నాది. గూడ్సుబండ్ల బొగ్గు మసికి గోడలు నల్లబడ్డాయి గానీ లోపల మాత్రం అద్దంలా ఉంచుకుంటాను. అలాంటి గదిని నాగవంశీ అనే కుర్రాడు గుమ్మంలో నిలబడి చూసి, సూపర్ ఆంటీ, ఏ మార్పూ అక్కర్లేదు, నిజంగా దెయ్యం ఉన్నట్టే ఉంది అన్నాడు. పొగిడాడో తిట్టాడో నాకు ఇప్పటికీ తెలీదు.

వాళ్లు గాజువాక వైపు ఏదో కాలేజీ పిల్లలు. నేనూ గౌరక్కా నడిపే టిఫిన్ బండి దగ్గర ఇడ్లీలు తింటూ పరిచయమయ్యారు. ఏదో పోటీకి చిన్న సినిమా పంపాలట. లైట్లు అద్దెకి తెచ్చే స్తోమత లేక, కిటికీకి నల్ల దుప్పట్లు కట్టి పట్టపగలే రాత్రి చేస్తారట. నేను కుదరదని చెప్పేశాను. గౌరక్క మాత్రం, పోన్లే పుష్పా, పిల్లలు కదా అంది. ఆవిడ అడిగితే నేను కాదనలేను. ఆవిడ ఎలాంటి మనిషో ముందు చెప్పాలి.

గౌరక్క పుట్టిల్లు ఆనందపురం దగ్గర పల్లె. పొడుగు మనిషి, నోట్లో నాలుక లేదు. బండి దగ్గర ఎవడైనా నాలుగు ఇడ్లీలు తిని మూడంటే, మూడేనేమో అని తనే సందేహపడుతుంది. మా అత్త పొద్దున్న లేచింది మొదలు సణుగుతూనే ఉంటుంది. పప్పులో ఉప్పెక్కువైందంటుంది, నీళ్లు పట్టలేదంటుంది. గౌరక్క తలొంచుకుని విని, మళ్లీ అదే పప్పు అలాగే వండుతుంది. నేనైతే ఎదురు చెప్తాను. ఆవిడకి ఆ అలవాటే లేదు.

కానీ ఏడాదికోసారి, మా వీధి అమ్మవారి పండగ రోజున, ఘటం నెత్తినెత్తుకుని డప్పుల మధ్యకి వెళ్లిందంటే గౌరక్క గౌరక్క కాదు. అమ్మ ఒంటిమీదికొస్తుంది. గొంతు మారిపోతుంది, కళ్లు పెద్దవవుతాయి, జుట్టు ముడి దానంతటదే విడిపోతుంది. ఏడాదంతా సణిగే మా అత్త ఆ కాళ్లు కడిగి ఆ నీళ్లు నెత్తిన చల్లుకుంటుంది. జనం వరసకట్టి కష్టాలు చెప్పుకుంటారు. హారతిచ్చి, వేపమండతో పసుపునీళ్లు చల్లితే గానీ అమ్మ దిగదు. దిగాక గౌరక్క సొమ్మసిల్లి పడిపోతుంది. తెలివొచ్చాక, ఏటి సెప్పినాను అని మమ్మల్నే అడుగుతుంది. ఒక్క ముక్క కూడా గుర్తుండదంటుంది.

నేను ఈ ఇంట్లో ఉన్నది ఆ అమ్మ మాట మీదే. మా ఆయన డెంగీ జ్వరంతో పోయాడు. పిల్లల్లేరు. నేను అడుగుపెట్టాకే కొడుకు పోయాడని మా అత్త మనసులో పడిపోయింది. ఏడాది వెళ్లి సంవత్సరీకం అయ్యేదాకా ఓర్చుకుని, ఆ తర్వాత వచ్చి తీసుకుపొమ్మని పరవాడలో ఉన్న మా అన్నకి కబురుపెట్టింది. అక్కడ మా వదిన మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు. మా అన్న పండగ రోజునే వచ్చాడు. నేను బట్టల సంచీ ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాను. అప్పుడు అమ్మ డప్పుల మధ్యలోంచి తిన్నగా నా దగ్గరికొచ్చి, నా నెత్తి మీద చెయ్యేసి, వీధంతా వినేలా అంది:

"ఇది నా బిడ్డ. దీన్ని గుమ్మం దాటించినారంటే నానూ దాటిపోతాను. ఎనక గది దీనికియ్యండి. గేసు పొయ్యి కూడా ఇయ్యండి."

మా అన్న ఒక్కడే బస్సెక్కాడు. ఇంట్లో ఉన్న గేసు పొయ్యి ఒక్కటే, అదీ గౌరక్క పుట్టింటివాళ్లు ఇచ్చింది. ఆవిడకి తెలివొచ్చేసరికి అది నా గదిలో ఉంది. బావగారు ఇంకోటి కొనేదాకా పాపం పెరట్లో కట్టెల పొయ్యి మీద, పొగలో కళ్లు తుడుచుకుంటూ వండింది. అమ్మవారికి ఇవ్వడానికి ఈవిడ పొయ్యే దొరికిందా అని జాలిపడ్డాను కూడా. నాటినుంచి ప్రతి మంగళవారం గుడికెళ్లి అమ్మకి దండం పెట్టుకుంటున్నాను.

సరే, పిల్లలు సినిమా మొదలుపెట్టారు. ముందుగా దెయ్యాల కొంపలో గేసు పొయ్యి ఉండకూడదని నా పొయ్యి తీసి వరండాలో పెట్టారు. మా అత్త మధ్యాన్నం కునుకు తీస్తోంది. సినిమా అని ఆవిడకి చెప్పామో లేదో నాకు గుర్తులేదు. గౌరక్క చెప్పిందని నేను, నేను చెప్పానని గౌరక్క అనుకున్నట్టున్నాం.

దెయ్యం వేషానికి ఎవరో నాటకాలావిడ రావాలి. రాలేదు. శ్రీసత్య అనే పిల్ల నేను చేస్తానని మొహానికి పౌడర్ పూసుకుని ఊగింది గానీ, ఊగిన ప్రతిసారీ నవ్వు ఆపుకోలేకపోయింది. అది నవ్వితే కెమెరా పట్టుకున్నవాడూ నవ్వాడు. నాగవంశీ తల పట్టుకుని గోడకి చేరబడ్డాడు. పోటీకి పంపే గడువు ఎంతో లేదట. అంతలో గౌరక్క టీ తెచ్చింది. ఆవిడ పొడుగూ జుట్టూ చూసి శ్రీసత్య, ఆంటీ మీరు చేస్తారా, జుట్టు విరబోసుకుని ఊగితే చాలు అంది. ఛీ అంటుందనుకున్నాను. ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వి, ఊగడమేగా అంది.

గది చీకటి చేశారు. నాగవంశీ యాక్షన్ అన్నాడు.

ముందు గౌరక్క భుజాలు కదిలాయి. తర్వాత మెడ. తర్వాత ఆ గొంతు వచ్చింది. పండగ రోజు ఏ గొంతు విన్నానో అదే. పిల్లల్లో ఒక్కరూ నవ్వలేదు. ఆ కేక విని మా అత్త నిద్రలోంచి లేచి, దేవుడి గూట్లో ఉన్న హారతి పళ్లెం, వేపమండ పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. చీకట్లో కెమెరా కనబడిందో లేదో, తిన్నగా వెళ్లి కాళ్లమీద పడిపోయింది. పండగ కాని రోజున ఎందుకొచ్చావు తల్లీ, ఏ తప్పు జరిగిందని ఏడుస్తోంది. నాగవంశీ కట్ అన్నాడు.

గౌరక్క ఆగిపోయింది. హారతి ఇవ్వలేదు, పసుపునీళ్లు చల్లలేదు. పైటతో మొహం తుడుచుకుని, బాగొచ్చిందా బాబూ అంది.

అదిరిపోయింది ఆంటీ, కానీ మధ్యలో గూడ్సు కూత పడింది, ఇంకొక్కసారి అన్నాడు వాడు. మా అత్త లేచి, పళ్లెంలో కర్పూరం వెలిగించి అలాగే నిలబడి ఉంది. నేను వెళ్లి ఆవిడని బయటికి తీసుకురావాల్సింది, తీసుకురాలేదు. మళ్లీ యాక్షన్ అన్నారు. మళ్లీ అదే ఊపు, అదే గొంతు. మా అత్త ఈసారి పళ్లెం కింద పెట్టి ఇంకా గట్టిగా కాళ్లు పట్టుకుంది.

"కట్ అన్నారని అలిగెల్లిపోనావా తల్లీ. సదువుకున్న గుంటలు, సిన్న పిల్లలు, తెలీక అన్నారు. తప్పు కాయి."

వాడు మళ్లీ కట్ అన్నాడు. గౌరక్క మళ్లీ ఆగిపోయింది. మా అత్త అక్కడే చతికిలపడింది, పళ్లెంలో కర్పూరం ఇంకా వెలుగుతోంది. ముసలావిడ షాట్ అద్భుతం, ఎవరు చెప్పారు ఈ ఐడియా అని శ్రీసత్య నన్నడిగింది.

పిల్లలు సామాన్లు సర్దుకుని వెళ్లిపోయారు. మా అత్త గౌరక్కని ఒకే మాట అడిగింది, ఎప్పుడూ ఇలగేనా అని. గౌరక్క టీ గ్లాసులు ఏరుకుని పెరట్లోకి వెళ్లిపోయింది. షేర్ ఆటో తిప్పుకుని ఆలస్యంగా భోజనానికొచ్చిన బావగారు విషయం విని, సినిమా అంటే యాక్టింగే కదమ్మా అని తేల్చేసి, చెయ్యి కడుక్కుని వెళ్లిపోయారు. మా అత్త అప్పుడు నా వైపు చూసింది. ఆ చూపులో ఏముందో నాకు తెలుసు. నా కడుపులో ఉన్నదీ అదే. ఆ రోజు నన్ను ఉండమన్నది అమ్మ కాకపోతే, నేను ఈ ఇంట్లో ఎవరి మాట మీద ఉన్నట్టు?

ఇప్పుడు మా అత్త నన్ను వెళ్లగొట్టదు, ఆ వయసు దాటిపోయింది. అది కాదు నా బాధ. ఇంతమందిలో అమ్మవారు నన్ను చూసిందన్న ధైర్యంతో బతికాను. వదిన మొహం చూడక్కర్లేకుండా, వీధిలో తలెత్తుకుని బతికాను. అదంతా యాక్టింగ్ అయితే? పోనీ యాక్టింగ్ కాదు అనుకుందామా, కట్ అంటే ఎలా ఆగింది? అమ్మ నిజంగానే వచ్చి, పిల్లల మాట మన్నించి ఆగిందా? ఎటు తిప్పినా లెక్క తేలలేదు. బండి దగ్గర ఒకాయనకి కాఫీ బదులు సాంబారు గ్లాసులో పోసిచ్చాను.

పండగ దగ్గరపడింది. ఈసారి ఘటం ఎవరెత్తాలో మా అత్త చెప్పడం లేదు. అడగబోతే మాట మార్చేస్తోంది. ఇక ఉండబట్టలేక ఓ పొద్దున్న గౌరక్కని పట్టుకున్నాను. పొయ్యి నేనింకా లోపల పెట్టుకోలేదు, వరండాలోనే ఉంది. ఆవిడ దానిమీద చట్నీకి పల్లీలు వేయిస్తోంది. ఆ రోజు నా నెత్తిన చెయ్యేసింది ఎవరని అడిగాను.

ఆవిడ గరిట ఆపేసి నా వైపు తిరిగింది.

"తెల్దే పుష్పా. ఒంట్లోకి ఏదో వత్తాది. అమ్మే అనుకున్నాను ఇన్నాళ్లూ. ఆ గుంటడు కట్ అనగానే ఆగిపోతే, ముందు నాకే బయమేసింది. అప్పుడూ నానేనేటో, ఇప్పుడూ అమ్మేనేటో."

పల్లీలు మాడుతున్నాయి. పొయ్యి కట్టేసి, దాని అంచు కొంగుతో తుడిచింది.

"పొయ్యి మాట మాత్తరం నాదే. అది గుర్తుంది. మిగతాది ఎవులు సెప్పినారో నాకు తెల్దు."

నేను లేచి లోపలికి వెళ్లిపోయాను. ఎందుకేడ్చానో అడిగితే చెప్పలేను. కోపం కూడా ఉంది, ఇన్నేళ్లూ ఒక్క మాట చెప్పనందుకు. పొగలో కళ్లు తుడుచుకుంటూ వండుతున్న మనిషిని చూసి జాలిపడ్డానే గానీ, ఏనాడూ ఒక చల్లటి మాట అనలేదు. మంగళవారాలన్నీ గుడికే పోయాయి.

పండగ రోజు పసుపు రాసిన ఘటం అరుగు మీద ఉంది. డప్పులు సందు మొదట్లోకి వచ్చేశాయి. మా అత్త గౌరక్క వైపు చూసి, చూపు తిప్పుకుని, మళ్లీ చూస్తోంది. గౌరక్క తడిబట్టతో గోడకి ఆనుకుని, పిలవని పెళ్లికొచ్చినట్టు నిలబడింది. నాగవంశీ, శ్రీసత్య కూడా వచ్చి జనంలో ఉన్నారు. ఇక నేను ఆగలేకపోయాను. ఘటం తీసి గౌరక్క నెత్తినెట్టాను. వద్దన్నట్టు నా మణికట్టు పట్టుకుంది. నేను వదల్లేదు.

డప్పులు దగ్గరకొచ్చాయి. ముందు భుజాలు కదిలాయి. తర్వాత మెడ. మా అత్త చెంబుతో నీళ్లు పట్టుకుని, కాళ్లు కడగాలో వద్దో తెలియక నిలబడిపోయింది. నేను ఆ చెంబు అందుకుని కిందకి వంగి కడిగాను. కడిగినవాళ్లు, ఏటి కావాలి తల్లీ అని అడగాలి, అది పద్ధతి. ఇన్నేళ్లూ మా అత్తే అడిగేది. నా నోటికి మాత్రం, ఏటి కావాలి అక్కా అని వచ్చేసింది.

డప్పుల మోతలో ఇంకెవరికీ వినబడలేదు. ఆవిడకి వినబడిందనే అనుకుంటున్నాను. ఒళ్లంతా ఊగుతున్నా, నా చేతిలో ఉన్న పాదం మాత్రం కదలకుండా ఆగింది.