సంవత్సరం అడిగే మావయ్య

మా మావయ్య ముందు ఎవరినీ తిట్టడానికి వీల్లేదు. తిట్టేవాళ్ళు ముందు సంవత్సరం చెప్పాలి. "ఏ సంవత్సరంలో జరిగిందది? అప్పటి పరిస్థితులేమిటి?" అంటాడు. ముప్పై ఏళ్ళు రికార్డు గదిలో పాత ఫైళ్ళ దుమ్ము మింగినవాడు మరి!

ఓసారి అత్తయ్య, "కూర మాడ్చేశారేంటండీ!" అని విరుచుకుపడింది.

"ఎప్పుడు మాడింది?"

"ఇందాకే!"

"ఇందాక కరెంటు లేదు, కళ్ళజోడు కనపడలేదు. ఆ పరిస్థితుల్లో ఎంతటి వంటవాడైనా మాడుస్తాడు."

అత్తయ్య గరిటె విసిరింది. దానికీ తగిన పరిస్థితులున్నాయని మావయ్యే ఒప్పుకున్నాడు.

మా అమ్మ దగ్గర మాత్రం ఈ పప్పులు ఉడకలేదు. తన తండ్రితో అమ్మ మాట్లాడి ఎన్నో ఏళ్ళయింది. ఆరేళ్ళప్పుడు అమ్మ అంటుజ్వరంతో ఆసుపత్రిలో ఉంటే, చనిపోయిన అమ్మమ్మ కుట్టిన గుడ్డబొమ్మను తాతయ్య పొయ్యిలో వేశాడట. అప్పటికి అమ్మమ్మ గుర్తుగా మిగిలి ఉన్నది అదొక్కటే.

ఇప్పుడు తాతయ్యకు ఆఖరి రోజులు. మావయ్య వచ్చి మా గుమ్మంలో నిలబడ్డాడు.

"ఒక్కసారి వచ్చి చూడవే."

"నేను రాను."

"అప్పట్లో దానికి మందుల్లేవే. రోగి ముట్టుకున్న గుడ్డలన్నీ కాల్చెయ్యమనేవాళ్ళు. ఆ సంవత్సరం..."

"నీ సంవత్సరాలూ నువ్వూనూ! ఆ ఒక్క బొమ్మా ఎక్కడైనా దాచలేకపోయాడా?"

మావయ్య నేలమీద చతికిలబడిపోయాడు.

"దాచాడే. బీరువా వెనకాల. నేనే తీసి పొయ్యిలో పడేశా. అదే జ్వరంతో పక్కింటి పాప పోయింది కదా, బొమ్మ ఉంటే నువ్వూ పోతావనుకున్నా. నాన్న చూసి, 'చెల్లితో నేనే కాల్చానని చెప్తా, నువ్వు నోరెత్తకు' అన్నాడు."

"ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"నాతో కూడా మాట్లాడవేమోనని."

పాపం, ఒక్క తండ్రి తరఫున నోరు విప్పలేక లోకంలో అందరి తరఫునా వకాల్తా పుచ్చుకున్నాడన్నమాట. నాకు ఏడుపొచ్చింది. అమ్మ ఎప్పుడో మొదలెట్టేసింది.

కాసేపటికి కళ్ళు తుడుచుకుని లేచింది. "అప్పటికి తొమ్మిదేళ్ళ పిల్లాడివి, నీకేం తెలుస్తుందిలే అన్నయ్యా. కానీ అరవై ఏళ్ళొచ్చాక కూడా చెప్పలేదు చూడు, దానికి మాత్రం నిన్ను వదలను. ముందు పద."

మేం వెళ్ళేసరికి తాతయ్య మగతలో ఉన్నాడు. అమ్మ పిలిస్తే కళ్ళు తెరిచాడు. చేతిని ఆవిడ నుదుటి మీద వేసి, "జ్వరం తగ్గిందా తల్లీ?" అన్నాడు.

"తగ్గింది నాన్నా," అంది అమ్మ, ఆ చేతిని అలాగే పట్టుకుని.

మావయ్య తలుపు దగ్గరే ఆగిపోయాడు. "అక్కడ ముక్కు చీదడం ఆపి లోపలికి రా. నాన్న రెండో చెయ్యి ఖాళీగానే ఉంది," అని కసిరింది అమ్మ.