రాండో అనే కేక

పొద్దున్నే పొయ్యి వెలిగించి ముందుగా ఉప్పు వేసిన నీళ్లు కాచేదాన్ని. మా ఆయన యోహాను ఆ నీళ్లు పుక్కిలించాకే టీ ముట్టేవాడు. గొంతు ఆయన పనిముట్టు. ఇప్పుడు ముందుగా టీ నీళ్లే పెడుతున్నాను. చెయ్యి ఒక్కోసారి ఉప్పు డబ్బా దాకా పోయి వెనక్కి వస్తుంది.

పిడుగురాళ్ల దగ్గర సున్నపురాయి క్వారీలో ఆయన కేక వేసే మనిషి. రాతిలో తూట్లు వేసి, మందు దట్టించి పేల్చే ముందు గట్టు మీదికెక్కి "పక్కకి పోండో..." అని కేక వేయాలి. యజమాని సైరన్ కొన్నాడు గాని, కరెంటు పోతే అది మూగబోయేది. మా ఆయన గొంతుకు కరెంటుతో పని లేదు. ఆ కేక కింద మొదలై, సాగి సాగి, చివర్లో పైకి లేచేది. క్వారీ పక్క వరసలో ఉన్న ఆడవాళ్లం అది వినగానే చేతిలో పని వదిలి, పొయ్యి మీది గిన్నెకు మూత పెట్టి, పిల్లల్ని లాక్కుని గుమ్మంలో నిలబడేవాళ్లం. రాళ్లు ఎగిరొచ్చి రేకులు పగిలినా గుమ్మం కింద దెబ్బ తగలదని నమ్మకం. పేలుళ్లు అయ్యాక ఆయన గుంతలోకి దిగి, అంతా చూసి పైకొచ్చి "రాండో!" అని పొట్టి కేక వేసేవాడు. అది వినేదాకా ఎవరూ గుమ్మం విడిచేవాళ్లు కాదు.

మామూలుగా ఆయనకు మాటలు తక్కువ. ఇంట్లో నెమ్మదిగా, చెవిలో చెప్పినట్టు మాట్లాడేవాడు. "ఊరంతటికీ అరిచి అరిచి నీ దగ్గరికొచ్చేసరికి గొంతు అయిపోద్దే" అనేవాడు. ఏసయ్య గుడిలో పాట పాడమంటే సిగ్గుపడేవాడు. మా అమ్మాయి ఝాన్సీకి గుడిలో వయొలిన్ నేర్పిస్తుంటే మాత్రం బయట మెట్ల మీద కూర్చుని పాఠమంతా వినేవాడు.

ఎన్ని తూట్లకు మందు పెడితే అన్ని మోతలు వినపడాలి. ఆ లెక్క చూసేది కూడా ఆయనే. ఆ రోజు ఒక తూటు పేలలేదు. ఎదురు గట్టు తిరిగి పలికిన మోతను ఆయన ఒక పేలుడుగా లెక్కేసుకుని గుంతలోకి దిగాడు. మేమంతా గుమ్మాల్లో నిలబడే ఉన్నాం. ఇంకో మోత వినపడింది. ఆ తర్వాత "రాండో" రాలేదు. పొయ్యి ఆరిపోయింది, పిల్లలు ఏడ్చారు, నిలబడే ఉన్నాం. చివరికి లారీ క్లీనర్ ఎవరో పరుగున వచ్చి చెప్పాడు.

క్వారీ మూతపడింది. గుంతలో నీళ్లు చేరి పచ్చగా నిలిచిపోయాయి. అయినా గాలి అటునుంచి వీచిన రోజు నాకు ఆ మొదటి కేక వినపడుతుంది. రెండోది వినపడదు.

ఝాన్సీ చెన్నైలో పిల్లలకు వయొలిన్ నేర్పుతుంది, తనే సంగీతం రాస్తుంది. నలుగురు ఒక గదిలో దగ్గరగా కూర్చుని వాయించేది, పాడేవాళ్లుండరు, మైకుండదు. తండ్రి పోయి ఏడాదైనందుకు గుడిలో పెట్టే ప్రార్థన కూడికకు వాయించాలని ఒకటి రాసుకుని, ముగ్గురు తోటివాళ్లతో ముందురోజే ఇంటికొచ్చింది. దానికి 'సున్నపురాయి' అని పేరు పెట్టింది.

వాళ్లలో ప్రీతి అనే అమ్మాయి మనిషంత ఎత్తు వాయిద్యం మోసుకొచ్చింది. దాన్ని చెల్లో అంటారట. పక్కింటి హజ్రా బీ గుమ్మం దగ్గరే ఆగి చూసింది.

"ఇదేందే ఝాన్సీ, వయొలిన్‌కి తల్లా?"

"అంతే పిన్నీ."

"బస్సులో దీనికి గూడా టికెట్ కొట్టాడా?"

"కొట్టాడు. సీట్లో కూర్చోబెట్టాం. నేను నిలబడొచ్చా."

"మంచి పని. పెద్దముండకి మర్యాద చేయాలగా" అని హజ్రా బీ నవ్వింది. ఏడాదిగా మా ఇంట్లో నవ్వు వినపడటం అదే మొదలు.

ముందు గదిలో జంపఖానా పరిచి, స్టూళ్లు వేసుకుని సాధన మొదలుపెట్టారు. నేను వంటింట్లో వంకాయ కూర తిప్పుతున్నాను. మొదట రాగమేమీ లేదు. కమానులను తీగల మీద ఊరికే రుద్దుతున్నారు. సున్నపు బట్టీల ధూళి రేకుల మీద రాలే చప్పుడు అది. తర్వాత వయొలిన్లు సమ్మెట దెబ్బల్లాగా టకటకమన్నాయి. ఝాన్సీ చిన్నప్పుడు తెల్లబడ్డ ఆకుల మీద వేలితో పేరు రాసుకుంటూ ఈ చప్పుళ్లన్నీ వింటూ పెరిగింది. గుర్తుపట్టి గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాను.

అప్పుడు చెల్లో కేక వేసింది. కింద మొదలై, సాగి సాగి, చివర్లో పైకి లేచింది.

నా చెయ్యి కూర మీద మూత పెట్టేసింది. కాళ్లు గుమ్మంలోకి వచ్చేశాయి.

ఆ తర్వాత ఉరుముల్లాగా మోతలు, ఆ తర్వాత నిశ్శబ్దం. చివర్న ఝాన్సీ వయొలిన్ మీద పొట్టిగా, తేటగా పలికించింది. రాండో.

నేను ముందు గదిలోకి వెళ్లాను.

"అది తీసెయ్యి."

"ఏదమ్మా?"

"చివరిది. మీ నాన్న అనకుండా పోయిన మాట. నువ్వు అనిపించొద్దు."

"అది లేకపోతే దీనికి ముగింపు లేదమ్మా. వినేవాళ్లు ఎటూ కాకుండా ఉండిపోతారు."

"ఉండనీ. నేను లేనా?"

"చిన్నప్పుడు రోజూ విన్నా ఆ కేక. అది వినపడ్డాకే బయటికెళ్లి ఆడుకునేదాన్ని. నాకు అదే నాన్న."

"నువ్వు ఆ రోజు ఇక్కడ లేవు" అన్నాను.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. పిల్ల ముఖం వాడిపోయింది. కాగితం తీసుకుని, పెన్సిల్‌తో చివరి వరస కొట్టేసింది. ప్రీతి ఏదో అనబోతే తల అడ్డంగా ఊపింది.

మర్నాడు సాయంత్రం గుడిలో ప్రార్థన అయ్యాక నలుగురూ వేదిక ముందు కూర్చున్నారు. మా వరస ఆడవాళ్లంతా వచ్చారు. హజ్రా బీ కూడా వచ్చి తలుపు పక్కన కూర్చుంది. ధూళి రాలింది. సమ్మెటలు పడ్డాయి. తర్వాత ఆ కేక లేచింది.

ఆడవాళ్లు లేచి నిలబడ్డారు. ఎవరూ ఎవరి వంకా చూసుకోలేదు. పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు. తలుపు దగ్గరున్నవాళ్లు గుమ్మం కిందికి జరిగారు. మోతలు వచ్చాయి. ఆగాయి. వాయిద్యాలు కిందికి దిగాయి.

చెన్నై నుంచి వచ్చిన ముగ్గురూ జనం తమ మీద గౌరవంతో లేచారనుకున్నారు. వాళ్లూ లేచి దండం పెట్టారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎవరూ కూర్చోలేదు. ఎవరి చంకలోనో పసిబిడ్డ ఏడుపందుకున్నా కదల్లేదు. ప్రీతి కంగారుగా ఝాన్సీ వంక చూసింది. ఝాన్సీకి తెలుసు. తల వంచుకుని నిలబడింది.

గుమ్మంలోంచి హజ్రా బీ అరిచింది. "ఏమే ఝాన్సీ, అనవేందే? ఎంతసేపు నిలబెడతావు మమ్మల్ని?"

గొంతు గట్టిగానే ఉంది గాని, ఆమె గుమ్మాన్ని రెండు చేతులా పట్టుకుని ఉంది. ఆ రోజు కూడా అలాగే పట్టుకుని ఉంటుంది. నేను నా గుమ్మంలో ఉన్నాను, చూడలేదు. ఏడాదంతా ఆ కేక రాలేదని ఏడ్చింది నేనొక్కదాన్నే అనుకున్నాను.

ఝాన్సీ నా వంక చూసింది. ఆ చూపులో కోపం లేదు. అడుగుతోంది, అంతే.

సరేనని తల ఊపాను.

పిల్ల వయొలిన్ ఎత్తి పలికించింది. పొట్టిగా, తేటగా. ఆడవాళ్లు ఒక్కొక్కరే కూర్చున్నారు. "అబ్బ, నా కాళ్లు" అంటూ హజ్రా బీ కొంగుతో ముఖమంతా తుడుచుకుంది. నేనెప్పుడు కూర్చున్నానో నాకు తెలియదు.

ఏడాది కూడిక అయిన తెల్లారి సమాధికి సున్నం కొట్టి, పేరు మీద నల్లరంగు దిద్దడం మా వాడుక. అంతటితో ఆ మనిషి పని అయిపోయినట్టు. ఝాన్సీ బకెట్లో సున్నం కలిపి కుంచె నా చేతికిచ్చింది.

"మొదటి చెయ్యి నువ్వే వెయ్యమ్మా."

కుంచె ముంచాను. సున్నం చుక్కలు చుక్కలుగా మట్టిలో పడుతోంది. సిమెంటు మీద చెయ్యి పెడితే రాత్రి చలి ఇంకా ఉంది.

"మాకు బస్సు టైమవుతోందమ్మా. నేను వెయ్యనా?"

"వద్దు."

"మరి?"

"నిన్న వాళ్లందరి కోసం రాండో అన్నావు. మంచిదే. ఇది నాది. నాకింకా అయిపోలేదు."

ఝాన్సీ వచ్చి నా పక్కనే కూర్చుంది. అవతల ఎవరో తమవాళ్ల సమాధి కడుగుతుంటే, కలిపిన సున్నం బకెట్టూ కుంచే వాళ్లకిచ్చేశాను. మా ఆయన సమాధి సిమెంటు రంగులోనే ఉంది.